నల్లా రాని రోజు

తెల్లవారి ఐదున్నర. నల్లగొండ జిల్లా పడమటి వైపు, రాతిగుట్టల నడుమ ఒక ఊరు. సర్కారు బడి పాత భవనం ముందు మీరు నిలబడి ఉన్నారు. ఫిబ్రవరి చలి ఇంకా వదల్లేదు. రాత్రి రెండు గదుల్లో ఆడపిల్లలు, వరండాకు పరదాలు కట్టుకుని మగపిల్లలు పడుకున్నారు. ఇప్పుడు చాపలు చుట్టి గోడవారన నిలబెడుతున్నారు. డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు, యాభై మంది. ఏడు రోజుల శిబిరంలో ఇది మూడో రోజు. వంట వాళ్లదే, వంతులవారీగా. ఇవాళ బీకాం వాళ్ల వంతు. ఉప్మా ఉండలు కట్టింది.

"బ్యాలెన్సు షీటు కాదురా, రవ్వ పోసుకుంట కలపాలె" అని బీఎస్సీ పిల్ల ఒకతె దెప్పుతోంది. గంటె పట్టుకున్న కుర్రాడు వినిపించుకోవడం లేదు.

వరండా చివర బెంచీ మీద ఇంకో వంట నడుస్తోంది. ప్లాస్టిక్ సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద మార్కరుతో ఒక అంకె. పక్కన నోటుబుక్కులో ఆ అంకెకు ఎదురుగా ఖాళీ గడులు: బోరు ఎవరిది, ఎంత లోతు, నీళ్లు దేనికి వాడతారు. గాజు సీసాలు ఎందుకు తేలేదని అడిగితే కెమిస్ట్రీ అమ్మాయి తల ఎత్తకుండానే చెబుతుంది.

"ఫ్లోరైడు గాజుతోని కలుస్తది. లెక్క తప్పుతది."

ఆమె బీఎస్సీ రెండో సంవత్సరం. చొక్కాకు గుచ్చుకున్న బ్యాడ్జీ మీద కోణార్క రథచక్రం. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలుపెట్టిన జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్, బ్యాడ్జీ అది. ఏడాదికి 120 గంటల సేవ, ఏడు రోజుల ఊరి శిబిరం: ఇదీ లెక్క. ఆ గంటల్లో ఏం చేయాలన్నది మాత్రం కాలేజీని బట్టి, సారును బట్టి మారుతుంది. చాలాచోట్ల జరిగేది మనకు తెలియంది కాదు. చీపుర్లు, సర్కారు తుమ్మ నరకడం, నినాదాల ర్యాలీ, బ్యానరు పట్టుకుని ఫోటో. వీధి ఊడవడం తక్కువ పనేమీ కాదు, అది రోజూ చేసే మనుషులు ఊళ్లో ఉన్నారు, వాళ్లు మనకన్నా బాగా ఊడుస్తారు. ప్రయోగశాలలో బ్యూరెట్టు పట్టడం నేర్చిన పిల్ల చేతికి చీపురిచ్చి ఊరికి పంపితే ఊరికి దక్కేది ఒక పూట ఊడ్చిన వీధే. ఈ శిబిరం నడుపుతున్న లెక్చరర్‌ది కెమిస్ట్రీయే. ప్రోగ్రాం ఆఫీసరు కాబట్టి అందరూ ఆయన్ను పీవో సార్ అంటారు. శిబిరానికి నెల ముందే పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కటే అడిగాడట: మీ సబ్జెక్టులో మీకు నిజంగా వచ్చిన పని ఏదో చెప్పండి, దాన్నిబట్టి ఊళ్లో పని వెతుకుదాం.

ఏడు కొట్టేసరికి జట్లు కదిలాయి. మీరు కెమిస్ట్రీ అమ్మాయి జట్టుతో నడవండి. ఆమెతో పాటు ఫోనులో ఊరి పటం పెట్టుకున్న కంప్యూటర్స్ కుర్రాడు, రిజిస్టరు మోసే స్టాటిస్టిక్స్ అమ్మాయి, ఏ సామానూ లేని బీఏ అబ్బాయి. వీడెందుకు అనుకుంటారు మీరు. కాసేపట్లో తెలుస్తుంది.

ఊరి నడిమధ్య వేపచెట్టు కింద బోరింగు. కంప్యూటర్స్ కుర్రాడు కొడుతున్నాడు. నీళ్లు వస్తున్నా సీసా పట్టరేం? పైపులో రాత్రంతా నిలిచిన నీళ్లు పోవాలి, లోపలి నీళ్లు రావాలి. కుర్రాడికి చెమట పట్టాక ఆ అమ్మాయి సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపింది. గోడ మీద కిట్టు పెట్టె తెరిచింది. చిన్న గొట్టంలో గీత దాకా నీళ్లు, అందులో మందు చుక్కలు. ఊపి, వెలుతురుకు ఎత్తి పట్టింది. ఫ్లోరైడు లేకపోతే గులాబీ రంగు నిలుస్తుంది, పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. పిల్లలు చుట్టూ మూగారు. ఒకడు నోరు తెరిచి చూస్తున్నాడు, వాడి ముందుపళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. గులాబీ వెలిసిపోతోంది. పసుపు దిగుతోంది. రంగుల అట్టకు ఆనించి చూస్తే 2కు, 3కు మధ్య ఎక్కడో ఆగింది.

భారత ప్రమాణాల ప్రకారం తాగేనీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ అమ్మాయి అంకె చెప్పింది, స్టాటిస్టిక్స్ అమ్మాయి రాసుకుంది. శాస్త్రం పని అక్కడికి అయిపోయింది, పట్టుమని పావుగంట పట్టలేదు.

అసలు పని అప్పుడు బిందె పట్టుకుని వచ్చింది.

"ఏం జూస్తున్నరు బిడ్డా, నీళ్లల్ల?"

డెబ్బై దాటిన అవ్వ. నడుము ముందుకు వంగి ఉంది, మెడ పక్కకు తిప్పాలంటే మనిషి మొత్తం తిరుగుతోంది. వయసు వల్లా, నీళ్ల వల్లా అన్నది చూసి చెప్పగలిగే చదువు ఇక్కడ ఎవరికీ లేదు.

"అవ్వా, ఈ వాటర్‌ల ఫ్లోరైడు పర్మిసిబుల్ లిమిట్ కంటె..." అమ్మాయి ఆగిపోయింది. తను చెప్పింది అవ్వకు అందలేదని ఆమెకే తెలిసిపోయింది. మళ్లీ ఎత్తుకుంది. "అంటే, ఉండాల్సిన దానికన్న ఎక్కువుంది."

"ఏముండె?"

"ఫ్లోరైడు."

"అది మాకు తెల్వదా! నేను పుట్టకముందు సంది ఉన్నది. కొత్త ముచ్చట ఏమన్న ఉంటె జెప్పు." అవ్వ బిందె కిందపెట్టి హాండిలు అందుకుంది. బీఏ అబ్బాయి ముందుకొచ్చి, అడక్కుండానే బోరింగు కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలయ్యాక తీరిగ్గా అడిగాడు.

"ఇంట్ల నల్లా లేదా అవ్వా?"

"ఉన్నది. ఉంటె ఏంది? ఆ నీళ్లు మందు వాసనొస్తయ్. ఈ నీళ్లు తియ్యగుంటయ్. పప్పేస్తె ఇట్ల ఉడుకుతది. నల్లా నీళ్లల్ల గ్యాసు దండుగ."

కెమిస్ట్రీ అమ్మాయి ముఖం మారింది. సార్‌కు ఫోను చేసింది. ఆయన పక్క వీధిలోంచి వచ్చి పప్పు మాట విని, గోడ మీద చతికిలబడి పాఠం మొదలుపెట్టాడు, అవ్వకు కాదు, పిల్లలకు. ఈ నేలంతా గ్రానైటు. అభ్రకం, అపటైటు లాంటి ఖనిజాల్లోని ఫ్లోరైడు నీటిలోకి మెల్లగా కరుగుతుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడును పట్టి కిందికి దించేస్తుంది. కాల్షియం తక్కువైతే ఫ్లోరైడు నీటిలోనే ఉండిపోతుంది. ఇక కాల్షియం తక్కువున్న నీటిలో పప్పు ఎలా ఉడుకుతుంది?

"తొందరగా" అన్నారు ఇద్దరు ఒకేసారి.

"మరి అవ్వ చెప్పింది అదే కదా. పరీక్షలో మీరు రాసిన జవాబు, ఆమె పొయ్యి మీద రోజూ చూస్తోంది."

ఈ ఒక్క ముచ్చట కోసమైనా ఆ పొద్దున అక్కడ ఉండాల్సింది అనిపిస్తుంది. నీళ్లు మంచివనడానికి ఊరికున్న రుజువులు రెండు: రుచి, పప్పు. ఆ రెండు రుజువులూ నిజమే. చెడు అంతా కంటికి, నాలుకకు అందనిచోట ఉంది. పైగా కాచి చల్లారిస్తే పోయే రకం కాదు. కాచేకొద్దీ నీళ్లు ఇగురుతాయి, ఫ్లోరైడు చిక్కబడుతుంది. ఇంట్లో కాచిన నీళ్లే తాగుతున్నామని ధైర్యంగా ఉన్న తల్లులకు ఇది చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఫ్లోరైడు వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే ఈ జబ్బును మన దేశంలో మొదట రాసిపెట్టింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల నుంచి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో, ఫ్లోరైడు సీమలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన వాళ్ల గురించి రాశారు. నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టి దానికి ఈ జిల్లా పేరే పెట్టింది: నల్గొండ టెక్నిక్. ఆ పేరుతో ఆఫ్రికా దేశాల్లోనూ అది తెలుసు. జిల్లాకు పేరు ప్రపంచమంతా వచ్చింది, నీళ్లు రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. హైదరాబాదుకు కృష్ణా నీళ్లు మోసే పైపులు ఈ జిల్లా మీదుగానే పోతాయని ఇక్కడి పెద్దవాళ్లు ఊరికే గుర్తుచేయరు. ఇప్పుడు సర్కారు మిషన్ భగీరథ పథకం నల్లా ఇంటింటికీ ఉంది. అయినా బోరింగు దగ్గర బిందెలు ఎందుకున్నాయి?

బీఏ అబ్బాయికి ఆ ప్రశ్నే పట్టుకుంది. రుచి ఒక్కటే అయితే ఇంతమంది రారు. వచ్చిన ప్రతి బిందెనూ తనే నింపుతూ ఒకటే మాట అడుగుతున్నాడు: నిన్న మీ నల్లా వచ్చిందా? కింది వాడకట్టు వాళ్లు వచ్చిందన్నారు. గుట్ట వైపు వాళ్లు నవ్వారు. స్టాటిస్టిక్స్ అమ్మాయి, సార్‌ను అడగకుండానే, రిజిస్టరులో కొత్త గడి గీసింది.

పదకొండింటికి ఎండ ఎక్కింది. బత్తాయి తోట పక్కన ఒక ఇంటి బోరు. నీళ్లు చూసి, పసుపు తేలాక, కంప్యూటర్స్ కుర్రాడు సంచిలోంచి ఎర్ర పెయింటు డబ్బా తీశాడు. ఫ్లోరైడు బోరింగులకు ఎర్ర రంగు వేయడం సర్కారు వాళ్లు పూర్వం నుంచీ చేస్తున్నదే. కుంచె ఇంకా ముంచలేదు, ఇంటాయన పంచె ఎగ్గట్టి వచ్చాడు.

"ఎవలను అడిగి పూస్తున్నరు?"

"సర్కారు బోర్లకు పూసినమన్నా, అందుకే..."

"అవి సర్కారువి. ఇది నా భూమిల నా పైసలతోని ఏసింది. రేపు తోట అమ్మబోతె ఎర్ర బోరున్న తోట ఎవడు కొంటడు? పిల్లకు సంబంధాలు జూస్తున్న. ఆ ఇంటి నీళ్లు తాగితె కాళ్లు వంకరైతయని పోతరు."

పెళ్లి మాట ఎవరూ ఊహించలేదు. కుర్రాడు డబ్బా మూత పెట్టేశాడు. కాసేపు ఎవరికీ ఏమీ తోచలేదు. ఈ సీమలో ఆ భయం ఉత్తది కాదని మీకూ తెలుసు, కుర్రాడికీ తెలుసు. చివరికి బీఏ అబ్బాయే అన్నాడు, "రంగొద్దు పెదనాయినా. ఒక చీటీ రాసి మీ చేతికే ఇస్తం. గోడ లోపట అంటించుకోండ్రి. తాగెటందుకు, వంటకు ఒద్దు. బట్టలకు, గిన్నెలకు, తోటకు పర్వాలేదు."

"మరి బర్లకు?"

నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. మళ్లీ ఫోను. పశువులకూ ఎముకల జబ్బు వస్తుంది, ఏళ్ల తరబడి అవే నీళ్లయితే వాటికీ మంచిది కాదు అన్నాడు సార్. ఇంటాయన చీటీ రెండుసార్లు చదివి, బర్ల సంగతి కూడా రాయించుకుని, అప్పుడు చాయ్ పెట్టించాడు. మిగతా ప్రైవేటు బోర్లకు పెయింటు డబ్బా తెరవకూడదని ఆ చాయ్ దగ్గరే తీర్మానమైంది.

మధ్యాహ్నం బడిలో అన్నం, పప్పుచారు, వంకాయ కూర. పొద్దుటి పనుల సంగతులు కలబోసుకుంటున్నారు. పంచాయతీ అరుగు మీద బీకాం వాళ్లు మహిళా సంఘాల పుస్తకాలు ముందేసుకున్నారు. బ్యాంకు కట్ చేసుకున్న వడ్డీకీ, సంఘం రాసుకున్న వడ్డీకీ తేడా ఎక్కడొచ్చిందో ఇద్దరు అక్కలకు చూపించారు. ఉప్మా పాడుచేసిన కుర్రాడు అక్కడ మహా నెమ్మదస్తుడు. ఒక్కో వరసా వేలుపెట్టి చదివించి, కూడిక వాళ్ల చేతనే చేయించాడట. అంగన్‌వాడీలో జువాలజీ పిల్లలు పిల్లల బరువులు చూసి కార్డులు నింపారు. ఒకావిడ చింతపులుసు తాగితే ఫ్లోరైడు పోతుందట కదా అని అడిగిందట. పోషకాహార సంస్థ వాళ్లు 2002లో ఆ సంగతి పరీక్షించి చూశారు, చింతపండు తిన్నవాళ్ల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. తినండి, కానీ దాన్ని నమ్ముకుని బోరు నీళ్లు తాగొద్దు అని జువాలజీ పిల్లలు చెప్పి వచ్చారు. ఆ మాత్రం జాగ్రత్త చాలామంది వాట్సాప్ వైద్యులకు ఉండదు.

సాయంత్రం నల్లా వచ్చే వేళకు ఫిజిక్స్ పిల్లలు వీధికొకరు చొప్పున నిలబడ్డారు. వీళ్లను అక్కడ నిలబెట్టింది పొద్దున గీసిన ఆ కొత్త గడే. ఒకటే కొలత బిందె, ఫోనులో స్టాప్‌వాచ్. ట్యాంకు దగ్గరి వీధిలో బిందె నిమిషంలో నిండింది. గుట్ట వైపు వీధిలో ఎనిమిది నిమిషాలు గడిచినా మెడ దాకా రాలేదు. చివరి మూడిళ్లలో నల్లా ఒకసారి దగ్గి ఊరుకుంది. ఎత్తు వల్ల కొంత తగ్గాలి, సరే. కానీ ఇంత తేడా లెక్కకు రావడం లేదని ఫిజిక్స్ కుర్రాడు తల గోక్కుంటూ వీధి వెంట వెనక్కి నడిచాడు. నడుస్తుంటే వినిపించింది, ప్రహరీల వెనక బుర్రుమంటూ మోటార్లు. నల్లా పైపుకే మోటారు తగిలించి లాగేస్తున్నారు. ముందిళ్ల వాళ్లు లాగితే వెనకిళ్లకు గాలి వస్తుంది. గాలి తాగలేరు కాబట్టి బిందె బోరింగుకు పోతుంది.

పొద్దున బోరింగు దగ్గర కనిపించిన బిందెలకు కారణం సాయంత్రం మోటారు చప్పుడులో దొరికింది. ఫ్లోరైడు ఎంతుందో కనిపెట్టడానికి కెమిస్ట్రీ చాలు, ఆ నీళ్లు ఎందుకు తాగుతున్నారో తెలియడానికి వాగుడుకాయ బీఏ అబ్బాయి, గడి గీసిన అమ్మాయి, స్టాప్‌వాచ్ కుర్రాడు, ముగ్గురూ కావలసి వచ్చారు.

రాత్రి ఏడున్నరకు పంచాయతీ ఆఫీసు ముందు సభ. ముందు బకెట్టు ప్రదర్శన. పటిక, కొంచెం సున్నం, చిటికెడు బ్లీచింగు. మొదట జోరుగా, తర్వాత మెల్లగా కలపాలి, గంట సేపు తేరనివ్వాలి, పైనీళ్లు వంపుకోవాలి. కెమిస్ట్రీ అమ్మాయి ఈసారి ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా చెప్పింది. చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఒక నడివయసు ఆమె, "మంచిగనే ఉన్నది గని, పొద్దుగాల పత్తికి పోయెటోళ్లం, రోజు ఇది ఎవరు కలుపుతరు బిడ్డా?" అంది. ఈ పద్ధతికి పేరిచ్చిన జిల్లాలోనే ఇళ్లలో అది ఎందుకు నిలవలేదో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. అమ్మాయి దానికి సమాధానం చెప్పబోయి, మానేసి, బకెట్టు పక్కకు జరిపి, గోడకు పటం కట్టమని కంప్యూటర్స్ కుర్రాడికి సైగ చేసింది.

చార్టు మీద ఊరు. బోర్లు చుక్కలుగా, వీధులు బిందె నిండే నిమిషాలతో. జనం లేచి దగ్గరికొచ్చారు, ఎవరి వీధి వాళ్లు వెతుక్కుంటున్నారు. పంచాయతీ సెక్రటరీ కుర్రవాడే, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కానట్టుంది. ఫోటో తీసుకున్నాడు. ఎండాకాలం నీళ్లు దిగాక అంకెలు మారతాయి కదా, మళ్లీ ఎప్పుడొస్తారు అన్నాడు. ఏప్రిల్‌లో సెమిస్టరు పరీక్షలు అన్నాడు సార్. కిట్టు బడి సైన్సు టీచరు దగ్గర ఉంచి, పదో తరగతి పిల్లలకు నేర్పి పోవాలని, పరీక్షలయ్యాక ఒక ఆదివారం ఇద్దరు వచ్చి సరిచూడాలని కుదిరింది. బస్సు ఖర్చు ఎవరిదన్న దగ్గర కొంచెం నలిగింది.

తర్వాత సెక్రటరీ గొంతు తగ్గించి ఫిజిక్స్ కుర్రాణ్ని అడిగాడు.

"మోటార్లు ఏ ఏ ఇండ్లల్ల ఉన్నయో రాసుకున్నరట గద. ఆ లిస్టు ఇస్తె నోటీసులిస్త."

కుర్రాడు నోటుబుక్కు మూశాడు. ఆ ఇళ్లలోనే మూడు రోజులుగా చాయ్ తాగారు, ఒకరింటి మంచం అడిగి తెచ్చుకున్నారు. సార్ వైపు చూశాడు. సార్ పైకి చూస్తున్నాడు, వీధి దీపం దగ్గర పురుగుల్ని లెక్కపెడుతున్నట్టు.

"వీధుల లెక్క ఇచ్చినం గద సార్" అన్నాడు కుర్రాడు. "పేర్లు మేం ఇయ్యం. మేం ఊరు చూసిపోయెటోళ్లం. అది మీరు, ఊరోళ్లు మాట్లాడుకోవాలె."

నాకైతే ఆ జవాబు సరైందే అనిపించింది. సెక్రటరీకి అనిపించలేదు. ఇద్దరి మధ్య మాట పెరగబోతుండగా, ముందు వరసలో కుర్చీ మీద కూర్చున్న పొద్దుటి అవ్వ చేతికర్ర నేలకేసి కొట్టింది.

"పోరగాండ్లకెందుకు ఆ గోస? నేను జెప్త, రాసుకో. మొదాలు మా పెద్దోనిది. రెండోది గా కిరాణ దుకాణపోనిది..."

అవ్వ మూడో పేరు ఎత్తేసరికి సభ సభంతా లేచింది. "ఓ అవ్వా, నీ ఇంటి సంగతి నువ్వు జెప్పుకో!" అని ఎవరో అరిచారు. ఆమె పెద్దకొడుకు ఎక్కడున్నాడా అని జనం వెతుకుతున్నారు. సెక్రటరీ రెండు పేర్లు రాసేసుకున్నాడు, మూడోది సరిగా వినపడక మళ్లీ చెప్పమంటున్నాడు.